"ఎక్స్ అంటే అసలు ఎంతమ్మా?" అని అడిగే పాపకు ఏం చెప్పాలి

ప్రశ్న: మా పాప ఏడో తరగతి చదువుతోంది. కూడికలు, గుణకారాలు నాకంటే వేగంగా చేస్తుంది. బీజగణితం మొదలయ్యాక మాత్రం లెక్కల పుస్తకం తీయాలంటేనే టెన్షన్ పడుతోంది. సమీకరణం రాసి ఇస్తే ఎలాగోలా సాధిస్తుంది. వర్డ్ ప్రాబ్లమ్ ఇస్తే దేన్ని ఎక్స్ అనుకోవాలో తెలియక పెన్సిల్ పక్కన పెట్టేస్తుంది. సంఖ్యల వరుస ఇస్తే తర్వాత వచ్చే సంఖ్య టక్కున చెబుతుంది, 'ఎన్‌వ పదం రాయండి' అని ఉంటే అక్కడే ఆగిపోతుంది. "నిన్న ఎక్స్ 5 అయింది, ఈ రోజు 8 అయింది. అసలు ఎక్స్ అంటే ఎంతమ్మా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నేను కామర్స్ చదివాను. లెక్క చేయడం వచ్చు, కానీ ఇది ఎలా చెప్పాలో తెలియడం లేదు. ట్యూషన్ పెట్టించాలా?

సమాధానం: మీ పాప అడిగింది చాలా మంచి ప్రశ్న. బీజగణితం సరిగ్గా అర్థం కావాలంటే ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు అడగాల్సిన ప్రశ్న అదే. చాలామంది పిల్లలు అడగకుండా, మార్కుల కోసం పద్ధతి బట్టీపట్టి ముందుకు వెళ్లిపోతారు. తను అడిగింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఒక కథలో 'ఆమె' అని వస్తే ఒకరి గురించి, ఇంకో కథలో 'ఆమె' అని వస్తే ఇంకొకరి గురించి. 'ఆమె' అంటే ఎవరు అని కథ లేకుండా అడిగితే జవాబు ఉండదు. ఎక్స్ కూడా అంతే. నిన్నటి లెక్క ఒక కథ, ఇవాళ్టి లెక్క ఇంకో కథ. ఒకే లెక్క లోపల మాత్రం మొదటి నుంచి చివరి వరకు అది ఒకే సంఖ్యను సూచించాలి. ఇక్కడ ఒక్క మాట దగ్గర జాగ్రత్తగా ఉండండి: ఎక్స్ అనేది సంఖ్య. వస్తువు కాదు, మనిషి కాదు. ఈ తేడా ఎంత ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

నేనిక్కడ ఎక్స్, ఎన్ బదులు 'క' అని రాస్తాను. మీరూ ఇంట్లో అలా మార్చి చూడండి. పుస్తకంలోని ఒక సమీకరణంలో ఎక్స్ కొట్టేసి 'క' రాసి, "ఇప్పుడు జవాబు మారుతుందా?" అని అడగండి. మారదని నమ్మకంగా చెప్పగలిగితే అక్షరం అంటే ఉన్న బెరుకు సగం పోయినట్టే. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో తెలియని రాశులు ఒకటికి మించి ఉన్నప్పుడు వాటిని రంగుల పేర్లతో పిలిచాడు. ఫ్రాన్స్‌లో వియట్ అనే గణితవేత్త 1591లో తెలియని రాశులకు అచ్చులు, తెలిసిన రాశులకు హల్లులు వాడాడు. మనం ఇప్పుడు వాడే ఎక్స్, వై, జెడ్ అలవాటు 1637లో డెకార్ట్ రాసిన జ్యామితి గ్రంథంతో స్థిరపడింది. అక్షరాలు ఎన్నోసార్లు మారాయి, లెక్క మారలేదు.

ఇక అసలు సంగతి. కూడికలు, గుణకారాల్లో అంత చురుకైన పిల్ల ఇక్కడ ఎందుకు ఆగిపోతోందని మీరు ఆశ్చర్యపోతున్నారు. నా అనుభవంలో ఆ చురుకుదనమే కారణం. ఆరేళ్లుగా తనకు నేర్పింది ఒక్కటే: ప్లస్ గుర్తు కనబడితే కూడెయ్యి, ఇంటూ గుర్తు కనబడితే గుణించెయ్యి, ఈక్వల్ టు పక్కన ఒక సంఖ్య రాసి ముగించు. 7 + 5 చూసిన క్షణంలో 12 అనేస్తుంది. బీజగణితం తనను దీనికి తలకిందులుగా ఉన్న పని అడుగుతోంది. 'క + 5' అని రాసి, అక్కడ ఆగమంటోంది. అదే జవాబు అంటోంది. ముగించడానికి అలవాటుపడ్డ చేతికి అది సగంలో వదిలేసిన పనిలా కనిపిస్తుంది. అందుకే ఎంతోమంది పిల్లలు 3క + 5 ను 8క అని రాసేస్తారు. వాళ్లకు కూడిక రాక కాదు, కూడకుండా ఉండటం రాక.

కాబట్టి మీరు నేర్పాల్సింది ముఖ్యంగా ఒక్క అలవాటు: లెక్క కట్టకుండా వదిలేయడం. వర్డ్ ప్రాబ్లమ్ దగ్గర, సంఖ్యల వరుస దగ్గర తను ఆగిపోవడానికి కారణం ఒక్కటే కాబట్టి మందు కూడా ఒక్కటే.

ముందుగా చిన్న పరీక్ష పెట్టండి. ఒక కాగితం మీద 8 + 4 = __ + 5 అని రాసి, ఖాళీలో ఏం రావాలని అడగండి. 12 అంటే గాబరా పడకండి, చాలామంది పిల్లలు అదే అంటారు. ఈక్వల్ టు అంటే 'జవాబు ఇక్కడ రాయి' అని వాళ్ల మనసులో ఉంటుంది. కానీ ఆ గుర్తుకు అర్థం అటూ ఇటూ సమానం అని. రాబర్ట్ రికార్డ్ అనే గణితవేత్త 1557లో ఈ గుర్తును మొదటిసారి అచ్చులో వాడినప్పుడు రెండు సమాంతర రేఖలను ఎంచుకోవడానికి కారణం, వాటికంటే సమానమైనవి ఇంకేవీ ఉండవని. ఎడమవైపు విలువ 12 కాబట్టి కుడివైపు కూడా 12 కావాలి, ఖాళీలో 7 రావాలి. ఇది స్పష్టం కాకుండా సమీకరణాల జోలికి వెళితే, 'అటు పంపితే మైనస్ అవుతుంది' లాంటి మంత్రాలే మిగులుతాయి. మీ పాప సమీకరణాలు 'ఎలాగోలా' సాధిస్తోందని రాశారు. ఆ 'ఎలాగోలా' అనే మాట చూసే ఈ పరీక్ష చెబుతున్నాను.

తర్వాత ఒక ఆట. మనసులో ఒక సంఖ్య అనుకోమనండి. దానికి 5 కలపాలి, వచ్చినదాన్ని రెట్టింపు చేయాలి, 4 తీసేయాలి, సగం చేయాలి, చివరగా మొదట అనుకున్న సంఖ్యను తీసేయాలి. "నీ దగ్గర 3 మిగిలింది" అని చెప్పేయండి. ఇంకో సంఖ్యతో చేసినా 3, మరో సంఖ్యతో చేసినా 3. ఎలా తెలిసిందని తప్పకుండా అడుగుతుంది. అప్పుడు 7 తో చేయించండి, కానీ ఒక నియమం పెట్టండి: 7 ను దేనితోనూ కలిపేయకూడదు, అది చివరి వరకు 7 గానే కనిపించాలి. 7 + 5. రెట్టింపు చేస్తే రెండు 7 లు, పది: 2 × 7 + 10. నాలుగు తీస్తే 2 × 7 + 6. సగం చేస్తే 7 + 3. ఇప్పుడు 7 తీసేస్తే 3. ఇది రాశాక, ఆ 7 ఉన్న ప్రతిచోటా మీ వేలు పెట్టి మూసేయండి. "ఇక్కడ 7 కాకుండా 12 ఉంటే?" అనండి. 100 ఉంటే? ఏదైనా ఒకటే అని తనకే అర్థమవుతుంది. మీ వేలు ఉన్నచోట 'క' రాయండి. అక్షరం ఎందుకు పుట్టిందో తను కళ్లారా చూసినట్టు. 7 + 5 ను 12 చేసేసి ఉంటే, ఆ 12లో 7 ఎక్కడ పోయిందో ఇక కనబడదు.

ఇక్కడే ఒక చిన్న విషయం చూసుకోండి. '3క' అని రాసినప్పుడు క స్థానంలో 4 పెట్టమంటే కొందరు పిల్లలు 34 అంటారు. మధ్యలో ఉన్న గుణకార గుర్తును రాయడం మానేశామని ఎవరూ గట్టిగా చెప్పకపోవడం వల్ల వచ్చే పొరపాటు. మొదటి కొన్ని రోజులు 3 × క అనే రాయనివ్వండి. నష్టమేమీ లేదు.

ఇప్పుడు సంఖ్యల వరుస సంగతి. పుస్తకంలో 4, 7, 10, 13 అని ఉంటుంది, కింద 'ఎన్‌వ పదం' అని ఉంటుంది. పాపకు 16 అని తెలుసు, ఎందుకంటే 3 కలుపుతూ పోవాలని తెలుసు. కానీ ఆ తెలివి ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు మాత్రమే తీసుకెళ్తుంది. వందో సంఖ్య కావాలంటే తొంభై తొమ్మిది మెట్లూ ఎక్కాలి. ఎన్‌వ పదం అంటే మెట్లు ఎక్కకుండా నేరుగా అక్కడికి వెళ్లే దారి. ఆ దారి సంఖ్యల్ని చూస్తూ కూర్చుంటే కనబడదు. ఆ సంఖ్యలు ఎలా తయారవుతున్నాయో చూస్తే కనబడుతుంది.

ఒక అగ్గిపెట్టె తీసుకుని పుల్లలతో చదరం పెట్టించండి. నాలుగు పుల్లలు. దాని పక్కనే అంటుకుని ఇంకో చదరం. ఇప్పుడు తన చేతిని గమనించమనండి: ఈసారి ఎన్ని పుల్లలు తీసింది? మూడే. నాలుగో గోడ ముందే ఉంది. మూడో చదరానికీ మూడే. మొత్తం 4, 7, 10. ఇప్పుడు వీటిని కూడకుండా రాయించండి. 4. తర్వాత 4 + 3. తర్వాత 4 + 3 + 3. తర్వాత 4 + 3 + 3 + 3. రాసినదాన్ని పైనుంచి కిందికి చూస్తే చాలు: నాలుగో చదరం దగ్గర మూడు 3 లు ఉన్నాయి, మూడో చదరం దగ్గర రెండు. వందో చదరం దగ్గర ఎన్ని? తొంభై తొమ్మిది. అంటే 4 + 99 × 3, మొత్తం 301. ఎన్ని చదరాలో చెప్పకుండా 'క చదరాలు' అంటే? 4 + 3 × (క − 1).

ఇక్కడితో ఆపేయకండి, అసలైన ఆనందం ఇప్పుడే మొదలవుతుంది. పాపను ఇంకోలా చూడమనండి. మొదట ఒక్క పుల్ల నిలబెట్టి ఉంచుకుని, ప్రతి చదరానికి మూడు చొప్పున పెడితే? 1 + 3 × 100. అదీ 301. ప్రతి చదరానికి నాలుగు చొప్పున లెక్కపెట్టి, రెండుసార్లు లెక్కలోకి వచ్చిన గోడలు తీసేస్తే? 4 × 100 − 99. అదీ 301. పై వరుస పుల్లలు 100, కింది వరుస 100, నిలువు పుల్లలు 101 అని విడదీస్తే? మళ్లీ 301. నాలుగు రకాలుగా చూస్తే నాలుగు రకాల సమాసాలు, అంటే లెక్క కట్టకుండా సంఖ్యలతో, గుర్తులతో రాసిన రూపాలు, వచ్చాయి. పుల్లలు అవే కాబట్టి సమాసాలన్నీ సమానమే కావాలి. 4 + 3(క − 1) ను విప్పినా, 4క − (క − 1) ను విప్పినా, క + క + (క + 1) ను కలిపినా చివరికి 3క + 1 వస్తుంది. 'సూక్ష్మీకరించండి' అని పుస్తకంలో పేజీల కొద్దీ లెక్కలు ఎందుకు ఇస్తారో ఇప్పుడు అర్థమవుతుంది: వేర్వేరుగా కనబడే రెండు మాటలు నిజానికి ఒకటేనా అని తేల్చుకోవడానికి. ఈ ఒక్క అగ్గిపుల్లల లెక్క మీద ఒక సాయంత్రం మొత్తం గడిచినా ఫర్వాలేదు. నా దృష్టిలో ఇరవై లెక్కలు హడావిడిగా చేయించడం కంటే అదే మేలు.

ఇదే లెక్కలో ఒక ఉచ్చు ఉంది. 10 చదరాలకు 31 పుల్లలు. "మరి 20 చదరాలకు?" అని అడగండి. 62 అనే అవకాశం ఎక్కువ. రెట్టింపు చదరాలకు రెట్టింపు పుల్లలు అనిపిస్తుంది కదా. నిజం 61. ఎందుకో సూత్రంతో చెప్పకండి, పుల్లలతో చూపించండి. పది చదరాల వరుసలు రెండు విడివిడిగా పేర్చి, ఒకదాని చివరను ఇంకోదానికి ఆనించండి. కలిసిన చోట రెండు గోడలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి తీసేయాలి. 62 లో ఆ ఒక్కటి పోతే 61.

వరుసలన్నీ ఒకే సంఖ్య కలుపుతూ పోవు. 2, 6, 12, 20 అని ఇస్తే తేడాలు 4, 6, 8 అని మారుతుంటాయి. ఇక్కడ కూడా లెక్క కట్టకుండా రాయడమే కాపాడుతుంది: 1 × 2, 2 × 3, 3 × 4, 4 × 5. చూడగానే క × (క + 1). అడ్డం క + 1, నిలువు క చొప్పున చుక్కలు పెట్టిన దీర్ఘచతురస్రాలు గీసి చూపిస్తే ఇంకా బాగుంటుంది.

సంఖ్యల్ని మాత్రమే చూసి సూత్రం ఊహించడం ఎంత ప్రమాదమో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది, పిల్లలకు ఇది చాలా నచ్చుతుంది. వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి బిందువునూ మిగతా అన్నింటితో గీతలతో కలపాలి. లోపల మూడు గీతలు ఒకేచోట కలవకుండా చూసుకోవాలి. వృత్తం ఎన్ని ముక్కలవుతుంది? ఒక బిందువుకు 1, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, ఐదింటికి 16. ఆరు బిందువులకు ఎంత అంటే ఎవరైనా 32 అంటారు. గీసి లెక్కపెట్టండి, 31 వస్తుంది. రెట్టింపు అవుతోందని మనకు అనిపించింది తప్ప, రెట్టింపు కావడానికి కారణం ఏదీ బొమ్మలో లేదు. చదరాల లెక్కలో మాత్రం కారణం ఉంది: ప్రతి కొత్త చదరానికి మూడు పుల్లలే కావాలి, అది వెయ్యో చదరం దగ్గరా మారదు. అందుకే పాప సూత్రం చెప్పిన ప్రతిసారీ "ఎందుకు?" అని అడగండి. తప్పు చెప్పినప్పుడు మాత్రమే అడిగితే 'ఎందుకు' అనే మాట వినగానే తప్పు చేశాననుకుంటుంది. ఒప్పు చెప్పినప్పుడూ అడగండి.

వర్డ్ ప్రాబ్లమ్స్ విషయానికొద్దాం. ముందు ఒక సలహా, కాస్త గట్టిగానే చెబుతున్నాను: 'ఎక్కువ అంటే కూడాలి, తక్కువ అంటే తీసేయాలి' అనే పట్టిక ఎవరైనా ఇచ్చి ఉంటే పక్కన పడేయండి. ఈ ప్రశ్న చూడండి: "నా దగ్గర 17 పుస్తకాలున్నాయి. అవి నీ దగ్గర ఉన్నవాటి కంటే 5 ఎక్కువ. నీ దగ్గర ఎన్ని?" పట్టిక ప్రకారం 'ఎక్కువ' కనబడింది కాబట్టి 22. సరైన జవాబు 12. నీ దగ్గర ఉన్నవి క అనుకుంటే, క + 5 = 17. ప్లస్ గుర్తు సమీకరణంలో ఉంది, కానీ జవాబు తీసివేతతో వస్తోంది. పట్టికకు ఈ తేడా తెలియదు. వాక్యం అర్థం చేసుకున్న పిల్లకు తెలుస్తుంది.

అర్థమైందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది, చాలా పాతది: ఒక జవాబు ఊహించి, సరిపోయిందేమో చూడటం. ఈజిప్టులో క్రీ.పూ. 1650 ప్రాంతంలో అహ్మెస్ అనే లేఖకుడు నకలు రాసిన పపైరస్‌లో ఇలాంటి లెక్కే ఉంది: ఒక రాశికి దానిలో ఏడో వంతు కలిపితే 19, ఆ రాశి ఎంత? ముందు 7 అనుకుంటారు. 7 కు 1 కలిపితే 8. కావాల్సింది 19. కాబట్టి 8 ఎన్ని రెట్లు అయితే 19 అవుతుందో, 7 ను కూడా అన్ని రెట్లు చేస్తారు. మన భాస్కరాచార్యుడి లీలావతిలో ఇష్టకర్మ అని చెప్పిన పద్ధతీ ఇదే దారి: ఇష్టమొచ్చిన సంఖ్య అనుకుని మొదలుపెట్టడం. తప్పు సంఖ్యతో మొదలుపెట్టడానికి వేల ఏళ్లుగా ఎవరూ భయపడలేదు.

దాన్ని మనకు కావాల్సిన విధంగా వాడుకుందాం. "తండ్రి వయసు కూతురి వయసుకు మూడు రెట్లు. పన్నెండేళ్ల తర్వాత రెండు రెట్లు మాత్రమే ఉంటుంది. ఇప్పుడు కూతురి వయసెంత?" పాపను ఏదో ఒక వయసు చెప్పమనండి. పది అందనుకుందాం. ఇప్పుడు ఆ పది సరైనదో కాదో తేల్చాలి, కానీ లెక్క కట్టకుండా రాయాలి. కూతురు ఇప్పుడు 10. తండ్రి 3 × 10. పన్నెండేళ్ల తర్వాత కూతురు 10 + 12. తండ్రి 3 × 10 + 12. అప్పుడు తండ్రి వయసు కూతురికి రెట్టింపు కావాలి, అంటే 3 × 10 + 12, 2 × (10 + 12) ఒకటే కావాలి. ఇప్పుడు కట్టండి: ఇటు 42, అటు 44. కుదరలేదు. పదిహేను ప్రయత్నిస్తే 3 × 15 + 12, 2 × (15 + 12): ఇటు 57, అటు 54. ఇదీ కుదరలేదు.

ఇప్పుడు ఆ రెండు వరుసల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూపించండి. ఏం మారింది? 10 ఉన్నచోట 15 వచ్చింది, అంతే. మిగతాదంతా అలాగే ఉంది. మారుతున్న ఆ చోట క రాస్తే 3క + 12 = 2(క + 12). సమీకరణం రాసేశాం. దీన్ని రాయడానికి కొత్త తెలివేమీ అక్కర్లేకపోయింది, ఊహించిన సంఖ్య సరైనదో కాదో చూసుకునే తెలివే సరిపోయింది. విప్పితే 3క + 12 = 2క + 24, క = 12. కూతురికి 12, తండ్రికి 36, పన్నెండేళ్ల తర్వాత 24, 48. కుదిరింది.

మీ పాప పెన్సిల్ పక్కన పెట్టేస్తోందంటే 'మొదట ఏం రాయాలి' అన్నచోట ఆగిపోతోందన్నమాట. ఈ పద్ధతిలో ఆ సమస్యే ఉండదు. ఏదో ఒక సంఖ్య అనుకోవడం ఎవరికైనా వస్తుంది. తప్పైతే సంతోషం, ఇంకోటి అనుకుంటుంది. కొన్ని వారాలయ్యాక ఊహించడం దానంతట అదే మానేసి నేరుగా క తోనే మొదలుపెడుతుంది. మీరు తొందరపెట్టి మాన్పించొద్దు.

దేన్ని ఎక్స్ అనుకోవాలన్న ప్రశ్నకు, తెలియని సంఖ్యల్లో దేన్నైనా అనుకోవచ్చు అన్నదే నిజాయితీ అయిన జవాబు. మిగతావాటిని దేనితో సులువుగా చెప్పగలమో దాన్ని ఎంచుకుంటే పని తగ్గుతుంది. మూడు వరుస సంఖ్యల మొత్తం 72 అంటే చిన్నదాన్ని క అనుకుంటే క + (క + 1) + (క + 2) = 72, అంటే 3క + 3 = 72, క = 23. మధ్యదాన్ని క అనుకుంటే (క − 1) + క + (క + 1) = 72, అంటే 3క = 72, క = 24. రెండూ సరైనవే, సంఖ్యలు 23, 24, 25. కానీ ఒక దారిలో క కు 23, ఇంకో దారిలో 24 వచ్చింది చూశారా? పాప అడిగిన "అసలు ఎక్స్ అంటే ఎంత" అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఒకే లెక్కలో కూడా మనం దేన్ని క అన్నామో దాన్ని బట్టి ఉంటుంది. అందుకే లెక్క మొదట్లో దాన్ని పూర్తి వాక్యంగా రాయించండి. 'క = కూతురు' అని కాదు, 'క = కూతురి ప్రస్తుత వయసు, సంవత్సరాల్లో' అని.

ఇది చాదస్తం కాదు. అమెరికాలో 1980 ప్రాంతంలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఒక ప్రశ్న ఇచ్చారు: ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్లు ఎందరున్నారో దానికి ఆరు రెట్లు విద్యార్థులున్నారు, దీన్ని సమీకరణంగా రాయండి. వాళ్లలో మూడో వంతుకు పైగా తప్పు రాశారు. ఎక్కువమంది చేసిన తప్పు ఒక్కటే, విద్యార్థుల అక్షరం పక్కన 6 పెట్టడం: 6వి = ప్రొ. 'ఆరుగురు విద్యార్థులకు ఒక ప్రొఫెసర్' అని చదువుకుంటే అది ఎంతో సహజంగా అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ వి అంటే 'విద్యార్థి' అని, సంఖ్య కాదని మనసు అనుకుంటోంది. వి అంటే విద్యార్థుల సంఖ్య, ప్రొ అంటే ప్రొఫెసర్ల సంఖ్య అని గుర్తుంటే, 10 మంది ప్రొఫెసర్లకు 60 మంది విద్యార్థులు అని ఒక్కసారి వేసి చూస్తే 6 × 60 = 10 కాదని వెంటనే బయటపడుతుంది. సరైనది వి = 6 ప్రొ. వస్తువు పేరులోని మొదటి అక్షరాన్నే చరరాశిగా, అంటే సంఖ్యకు బదులు రాసే గుర్తుగా, పెట్టుకోవడం ఈ పొరపాటును పెంచుతుంది. మొదట్లో సంబంధం లేని అక్షరమే నయం.

ఇంకో చోట కూడా పిల్లలు జారతారు: పనుల వరుస. 'రెట్టింపు చేసి 3 కలిపితే' అంటే 2క + 3. '3 కలిపి రెట్టింపు చేస్తే' అంటే 2(క + 3). వాక్యాన్ని పైకి చదివి, ఏది ముందు ఏది తర్వాత అని వేళ్ల మీద చెప్పమంటే సరిపోతుంది, దీనికి పెద్ద సాధన అక్కర్లేదు.

ట్యూషన్ సంగతి అడిగారు. మీరు రాసినదాన్ని బట్టి ఇప్పుడే అవసరం లేదు. వారంలో మూడు నాలుగు రోజులు, ఒక్కో లెక్క, నెమ్మదిగా కూర్చుని చేస్తే ఒక నెలలో మార్పు మీకే తెలుస్తుంది. తను లెక్క చేస్తున్నప్పుడు జవాబు కోసం తొందరపెట్టకండి, "ఇప్పటివరకు రాసింది నాకు చదివి వినిపించు" అనండి. 3క + 12 ను 'తండ్రి వయసు, పన్నెండేళ్ల తర్వాత' అని చదవగలిగితే చాలు. చదవలేకపోతే ఎక్కడ తెగిందో మీ ఇద్దరికీ అక్కడే తెలుస్తుంది. ఒకవేళ సమీకరణం సరిగ్గానే రాసి, సాధించేటప్పుడు రుణసంఖ్యల దగ్గరో భిన్నాల దగ్గరో తప్పులు పోతుంటే, అది బీజగణితం ఇబ్బంది కాదు. ఆ పాత పాఠం మీద కొన్ని రోజులు పెట్టి మళ్లీ ఇటు రండి. అప్పటికీ కుదరకపోతే ట్యూషన్ గురించి ఆలోచించవచ్చు.

ఈ వారానికి ఒక లెక్క పంపుతున్నాను. అగ్గిపుల్లలతో ఈసారి త్రిభుజాలు, ఒకదానికొకటి అంటుకుని, ఒకటి నిటారుగా ఒకటి తలకిందులుగా వరుసగా పెట్టాలి. ఒక త్రిభుజానికి 3 పుల్లలు, రెండింటికి 5, మూడింటికి 7. ముందు క త్రిభుజాలకు ఎన్ని పుల్లలో కనీసం రెండు రకాలుగా రాయించండి. తర్వాత ప్రశ్న తిప్పండి: 201 పుల్లలతో ఎన్ని త్రిభుజాలు వస్తాయి? ఇప్పటిదాకా వరుసలో ఏ చోటికైనా సరిపోయిన 2క + 1, ఇక్కడ 2క + 1 = 201 అనే సమీకరణం అయిపోతుంది, క కు ఒకే విలువ మిగులుతుంది, 100. ఆ తర్వాత 200 పుల్లలు ఇచ్చి, ఒక్కటీ మిగలకుండా పేర్చమనండి. కాసేపు ప్రయత్నించనివ్వండి. ఎందుకు కుదరదో 2క + 1 ను చూసి తనే చెప్పాలి, మీరు చెప్పొద్దు.